కూడిన తరువాత కాపలా

గతవారము మొగల్‌పురాకు చెందిన ఒక ఇంజనీరింగు విద్యార్థి తన సీ ప్రోగ్రామును నాకు చూపి, "నేను రాసిన చెక్‌నే కంపైలర్ తీసేసింది సార్" అని వాపోయినప్పుడు, అతనికంటె నాకే ఎక్కువ ఆగ్రహము కలిగెను. ఎక్స్‌కు నూరు కూడగా వచ్చినది ఎక్స్‌కంటె తక్కువైనచో ఓవర్‌ఫ్లో యని హెచ్చరింపవలసిన ఆ పంక్తి, ఆప్టిమైజేషను లేనప్పుడు సరిగా పలికినది. ఆప్టిమైజేషనుకై ఓ2 ఆజ్ఞ ఇయ్యగానే ఆనవాలు లేకుండ మాయమైనది. పరీక్షింపని లెక్క లెక్కయే కాదని ఈ శీర్షికలో నేను పలుమారు వాదించుట పాఠకులెరిగినదే. పరీక్షనే చెరిపివేయు సాధనముపట్ల నాకు దయ యెట్లు కలుగును?

బాల్యమున నాయనగారి వెంట పత్తర్‌గట్టికి పోవునప్పుడెల్ల, 1889లో చార్మినారునకు నాలుగు దిక్కుల అమర్చిన గడియారములను తలయెత్తి చూచుచు, పండ్రెండు దాటిన ముల్లు పదుమూటికి పోక ఒకటికి మరలుట యేలయని అడిగెడివాడను. పండ్రెండు తరువాత ఒకటియే యని ఆ పలకమీదనే వ్రాసియున్నది గదా యని ఆయన యనెడివారు. 32 బిట్ల సైన్డ్ ఇంటిజర్‌లో 2147483647కు ఒకటి కలుపగా ప్రాసెసరు ఋణ 2147483648ను చూపుటయు అట్టి మరలుటయే గనుక, దానిని నమ్మిన ఆ విద్యార్థి దోషమేమని మొదట తోచెను.

అయితే సీ భాషకు 1989లో ఏర్పడిన ప్రమాణము, గడియారపు నియమమును అన్‌సైన్డ్ సంఖ్యకే విధించినది. సైన్డ్ సంఖ్య హద్దు దాటినచో ఏమగునో యే వాగ్దానమును చేయలేదు. దాటుట జరుగదని కంపైలరు ఊహించును. జరుగనిచో నూరు కూడిన సంఖ్య తగ్గుట అసంభవము. అసంభవమును వెదకు పంక్తి నిష్ప్రయోజనము. లూపు ఎన్నిమార్లు తిరుగునో ముందుగానే తేల్చి వేగము సాధించుటకును ఈ ఊహయే ఆధారము. 2007 జనవరిలో ఇదే ఫిర్యాదు జీసీసీ కంపైలరు నిర్మాతలకు చేరినప్పుడు వారు వెనుకకు తగ్గలేదు. ఆ పట్టుదల న్యాయమనియే నా నిశ్చయము. ఆ కంపైలరులో ఓవర్‌ఫ్లోను పట్టుటకై యున్న ఎఫ్‌ట్రాప్‌వి ఆజ్ఞ సైతము, ఎవరును వాడని కూడికను ఆప్టిమైజరు తొలగించినచో, మౌనము వహింపవచ్చును.

కావున, కూడకముందే ఎక్స్ 2147483547ను మించినదేమో చూడుమని విద్యార్థితో చెప్పితిని. ఆ ప్రశ్నలో హద్దు దాటు కూడికయే లేదు. సీ23 ప్రమాణము, కూడికను పరీక్షతోసహా చేయు సాధనమును భాషకే చేర్చినది. అందుకు మూడు దశాబ్దములకు పైగా పట్టుట మాత్రము నాకు సమ్మతము కాదు.