దొంగప్రతి, దర్శకుడు, పావగడ ప్రేక్షకుడు

తన చిత్రాన్ని దొంగిలించి ఊరూరా చూపేవారి పట్ల దర్శకుడి వైఖరి ఎలా ఉండాలి? ఈ ప్రశ్నను హైదరాబాదు నుంచి కాక పావగడ నుంచి అడగాలని మా ఉద్దేశం. తుమకూరు జిల్లాలోని ఈ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉంది. కచేరీలో కన్నడం, ఇంట్లో, సంతలో ఎక్కువమందికి తెలుగు.

ఉదాహరణకు ఎస్.ఎస్. రాజమౌళిని తీసుకున్నాము. 1973లో ఆయన పుట్టినది కూడా కర్ణాటకలోనే, రాయచూరు జిల్లా మాన్వి తాలూకా అమరేశ్వర క్యాంపులో.

2012లో 'ఈగ' నాటికి దొంగప్రతి ఆయన బృందానికి ఒక సాంకేతిక సమస్య. ప్రతులలో కంటికి కనపడని గుర్తులు ఉంచడం వల్ల, కెమెరాతో చాటుగా తీసిన ప్రతి నాటి చిత్తూరు జిల్లా వరదయ్యపాళెం థియేటరులోనిదని తేలింది. అక్కడ ప్రశ్నంతా దొంగను గురించే. చూసేవాడి ఊసు లేదు.

2025 నవంబరులో 'ఐబొమ్మ' కేసులో అరెస్టు జరిగాక, హైదరాబాదు పోలీసు కమిషనరు సజ్జనార్‌తో కలిసి పాత్రికేయుల ముందుకు వచ్చిన రాజమౌళి ప్రేక్షకుడితోనే మాట్లాడారు. ఉచితమని చూసేవారు తమ సొంత వివరాలను నేరగాళ్ల చేతిలో పెడుతున్నారన్నది ఆ హెచ్చరిక సారాంశం. మాట నిజమే. కాని అది ప్రేక్షకుడి భయాన్ని తట్టే వాదం, న్యాయబుద్ధిని తట్టేది కాదు. న్యాయం మాట ఎత్తితే టిక్కెట్టు ధర ప్రస్తావనకు వస్తుంది. 2022లో ఆయన 'ఆర్ఆర్ఆర్'కే మొదటి 10 రోజులు టిక్కెట్టుపై 75 రూపాయలు పెంచుకోవడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతించింది. ఐబొమ్మను పేదల పాలిటి దేవుడిలా పొగిడినవారు ధరలనే ఎత్తిచూపారు. ఆ పొగడ్తలో మాకు పస కనిపించలేదు. సినిమా బియ్యం కాదు, ప్రియమైతే మానుకోవచ్చు.

పావగడవాడి పాత చిక్కు ధర కాదు, విడుదల. 2004లో కన్నడ చిత్రపరిశ్రమ పరభాషా చిత్రాలు ఏడు వారాలు ఆగి రావాలని పట్టుబట్టింది. అప్పుడు పావగడవాడు బస్సెక్కి మడకశిరకో హిందూపురానికో పోగలడు. బెంగళూరుకు కూలికి పోయినవాడికి ఆ దారీ లేదు, దొరికితే దొంగ వీసీడీయే. (అచ్చులో లేని పుస్తకాన్ని జిరాక్సులో చదివే మన విద్యార్థులకు ఈ ఇబ్బంది కొత్త కాదు.) 2017లో, కావేరి వివాదంపై సత్యరాజ్ ఏనాడో అన్న మాటల వల్ల 'బాహుబలి 2'కు కర్ణాటకలో అడ్డంకి వచ్చింది. రాజమౌళి కన్నడంలో మాట్లాడి, ఆ మాటలతో చిత్రానికి సంబంధం లేదని విన్నవించుకున్నారు. సత్యరాజ్ విచారం తెలిపాక ఏప్రిల్ 28న చిత్రం విడుదలైంది. ఆ విన్నపంలో బెదిరింపు లేదు. ఎదుటివారి భాషలో, ఎదుటివారి న్యాయబుద్ధిని నమ్మి అడిగినది.

నేడు తెలుగు చిత్రాలు కర్ణాటకలోనూ అదే రోజు విడుదలవుతున్నాయి. సరిహద్దు ప్రేక్షకుడికి ఉండిన సాకు చాలావరకు పోయింది. కనుక అతడిని భయపెట్టనక్కరలేదు. ఇది మా కష్టం, కొని చూడండి అని సూటిగా అడిగే వీలు దర్శకుడికి ఇప్పుడే ఎక్కువ. 2017లో కన్నడిగుల ముందు ఉంచిన ఆ నమ్మకాన్ని 2025లో ఆయన తన తెలుగు ప్రేక్షకుడి మీద ఎందుకు ఉంచలేదన్నదే మాకు అంతుపట్టనిది.