చిన్న కోత

శిశువుల గుండె శస్త్రచికిత్సను గూర్చి చదువునప్పుడెల్ల, వైద్యుడు కత్తిని ఎచ్చట నుంచవలెనో నిర్ణయించుకొను ఆ మొదటి క్షణమే నా మనస్సును పట్టి నిలుపుచుండును.

1938లో బోస్టను నగరమున రాబర్ట్ గ్రాస్, పుట్టిన పిమ్మట తనంతట మూసికొనవలసియుండియు మూసికొనని రక్తనాళమును ఒక ఏడేండ్ల బాలికకు ముడివైచి, పుట్టుకతో వచ్చిన దోషమును శస్త్రము సరిదిద్దగలదని చూపెను. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్, రక్తప్రసరణ భారమును యంత్రమునకు అప్పగించి, పదునెనిమిదేండ్ల యువతి గుండె పైగదుల నడిమి రంధ్రమును మూసెను. తరువాతి కాలమున ఇట్టి చికిత్సకు రాజమార్గమైనది ఱొమ్మెముకను నిలువున కోసి, పని ముగిసిన పిదప తీగలతో బిగించుట. గుండె యంతయు కన్నులయెదుట నిలుచు ఆ మార్గము నేటికిని నిందింపదగినది కాదు.

అయినను ఎదనడుమ నిలిచిపోవు ఆ మచ్చను, ప్రాణము దక్కినది చాలదా యని త్రోసిపుచ్చుటకు నాకు మనసొప్పదు. అందుచేతనే, కుడి చంకక్రింద ప్రక్కటెముకల సందున కొలది అంగుళముల కోతతో లోనికి చేరు పద్ధతి నాకు గౌరవపాత్రమైనది. అందు ఎముక తెగదు; చేయి దించినచో మచ్చ మఱుగగును. ఱొమ్ముక్రింద ముందువైపున కోయు పద్ధతిలో, బాలిక ఎదిగినపుడు ఆ వైపు స్తనము సరిగా పెరుగకపోవు ప్రమాదము కలదు. చంకదారి ఆ చోటును తాకదు. ఐదేండ్ల పిల్ల దేహమునందు రేపటి యువతిని గుర్తించి కత్తిని ప్రక్కకు జరిపిన ఆ వివేకమును నేను ఈ విద్యకే శిఖరముగా నెంచుదును.

కాని కోత చిన్నదైనంతనే పని చిన్నది కాదు. యంత్రము వలసినదే, గుండెను ఆపవలసినదే. లోతున నున్న రంధ్రమునకు ఇఱుకుదారిలో పొడవైన పనిముట్లతో కుట్లు వేయవలసినదే. కొన్ని రంధ్రములకు కత్తియే అక్కఱలేదు: నికెల్, టైటానియముల మిశ్రలోహపు తీగతో అల్లిన జంటబిళ్లను తొడసిరగుండ పంపి మూయుదురు. అయితే చుట్టును చాలినంత అంచు లేనిచో ఆ బిళ్ల నిలువదు. అప్పుడు మరల శస్త్రమే శరణ్యము.

కనుక బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవు తల్లిదండ్రులకు నా మనవి యొక్కటి. మచ్చ ఎంత చిన్నదని అడుగుటకు ముందు, రంధ్రము పూర్తిగా మూసికొనునా, అవసరమైనచో కోతను పెద్దది చేయుటకు మీరు సిద్ధముగా నుందురా యని వైద్యుని అడుగుడు.