ముల్లు లేవకపోతే...

కారు రిపేర్లలో మనం అన్నిటికన్నా తేలిగ్గా తీసుకునేది మీటరు రిపేరు. బ్రేకు పట్టకపోతే ఆ పూటే షెడ్డుకు పరుగెత్తుతాం. స్పీడోమీటరు ముల్లు సున్నా మీదే పడుకుంటే మాత్రం ‘బండి నడుస్తోందిగా, చూద్దాంలే’ అనుకుంటాం. ఆ చూద్దాంలేలో నెలలు గడిచిపోతాయి. ఈలోగా ఆయిల్ మార్చాల్సిన లెక్క తప్పుతుంది. లీటరుకు ఎంత ఇస్తోందో తెలియదు. అమ్మే రోజున ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని చెప్పాలో తోచదు.

పాత కార్ల మీద మోజు కొద్దీ షెడ్డులో నిలబడి పని చూడటం నాకు అలవాటు. మీటరు రిపేరులో నాకు నచ్చేది పానా పట్టక ముందు జరిగే విచారణ. పని తెలిసిన మెకానిక్ వెంటనే డ్యాష్‌బోర్డు విప్పడు. ‘ముల్లొక్కటే ఆగిందా సార్, కిలోమీటర్లు కూడా ఆగాయా?’ అని అడుగుతాడు. సగం రోగం ఆ జవాబులోనే బయటపడుతుంది.

1983లో రోడ్డెక్కిన మారుతి 800నే తీసుకోండి. దాని పాత మోడళ్లలో గేర్‌బాక్స్ నుంచి ఒక కేబుల్ మీటరు దాకా వస్తుంది. బండి కదిలితే కేబుల్ లోపలి తీగ తిరుగుతుంది. మీటరులోకి వచ్చాక ఆ తిరుగుడు రెండు దారులు పడుతుంది. ఒక దారిలో అది అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం పక్కనున్న అల్యూమినియం గిన్నెకు తగలకపోయినా, ఆ తిరుగుడు వల్ల గిన్నెలో పుట్టే విద్యుత్తు దాన్ని అయస్కాంతం వెంట లాగుతుంది. సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్లు ఎక్కడ సరిసమానమైతే అక్కడ ముల్లు నిలుస్తుంది. ఓట్టో షుల్జ్ అనే జర్మన్ ఇంజనీరు 1902లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. రెండో దారిలో చిన్న చిన్న పళ్లచక్రాలు కిలోమీటర్ల అంకెలను దొర్లిస్తాయి.

కాబట్టి రెండూ ఒకేసారి ఆగితే తప్పు చాలావరకు దారి చీలక ముందే ఉంటుంది. అంటే కేబుల్‌లోనో, గేర్‌బాక్స్ దగ్గరి పళ్లచక్రంలోనో. ముల్లు లేస్తూ అంకెలు కదలకపోతే మీటరు లోపలి పళ్లు అరిగినట్టు. అంకెలు దొర్లుతూ ముల్లు లేవకపోతే గిన్నె దగ్గరో స్ప్రింగు దగ్గరో చూడాలి. ముల్లు వణుకుతుంటే కేబుల్ ఎక్కడో మెలిక పడింది, లేదా గ్రీజు ఎండిపోయింది.

ఒకసారి ఓ పెద్దమనిషి 800 తెచ్చి, ‘మీటరు మార్చెయ్ బాబూ’ అన్నారు. ‘ఆగండి సార్, మీటరు బతికే ఉందేమో’ అన్నాడు మెకానిక్. కేబుల్‌ను గేర్‌బాక్స్ దగ్గర ఊడదీసి, లోపలి తీగ కొసను వేళ్లతో తిప్పాడు. ముల్లు ఉలకలేదు. తీగను పట్టి లాగితే జానెడు ముక్క మాత్రం చేతికొచ్చింది, కొస పీచు పీచుగా విచ్చుకుని ఉంది. ఆ తర్వాత మీటరు వెనక కేబుల్ విప్పి, అక్కడి చదరపు రంధ్రంలో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి చురుగ్గా తిప్పాడు. ముల్లు చిన్నగా ఎగిరిపడింది. ‘చూశారా సార్, కేబుల్ చాలు’ అన్నాడు. పెద్దమనిషికి మిగిలింది ఒక మీటరు ఖరీదు.

ఇప్పటి కార్లలో కేబుల్ లేదు. గేర్‌బాక్స్ దగ్గరి సెన్సరో, చక్రాల దగ్గరి ఏబీఎస్ సెన్సర్లో సిగ్నల్ పంపుతాయి. అయినా విచారణ అదే. స్కానర్ పెట్టి బండి నడిపితే, స్కానర్‌లో వేగం కనిపిస్తూ ముల్లు లేవకపోతే మీటరు వైపు చూడాలి. స్కానర్‌లోనూ సున్నా ఉంటే సెన్సర్, వైరు, సాకెట్ వైపు వెళ్లాలి. 2019 జులై 1 నుంచి తయారైన కార్లలో 80 దాటితే బీప్, 120 దాటితే ఆగని బీప్ ఉంటాయి. వేగం సిగ్నలే రాకపోతే ఆ హెచ్చరిక కూడా మూగబోతుంది.

ఇంకో రకం ఫిర్యాదు ఉంది. ‘మీటరు 100 అంటోంది, ఫోన్ 95 అంటోంది, మీటరు పాడైంది.’ పాడవలేదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువైతే పది శాతం, దాని మీద మరో 4 కిలోమీటర్ల వరకు చూపవచ్చు. అసలు వేగం 80 ఉన్నప్పుడు ముల్లు 92 దగ్గరున్నా నిబంధన లోపలే. అయితే కిలోమీటర్ల లెక్కకు ఆ వెసులుబాటు అవసరం లేదు. జాతీయ రహదారి మీద పసుపు తల రాళ్లు పది దాటితే ఓడోమీటరులో పది కిలోమీటర్లు పెరగాలి. పెరగడం తగ్గిందంటే టైర్ల వైపు చూడండి. కంపెనీ చెప్పిన దానికన్నా పెద్ద టైర్లు వేస్తే చక్రం ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే రాసుకుంటుంది. అప్పుడు వేగమూ తక్కువే కనిపిస్తుంది. అది ప్రమాదం, చలానాకు దగ్గరి దారి కూడా.

మీటరు మార్చక తప్పనప్పుడు ఒక పని మరవకండి. పాత మీటరు ఎక్కడ ఆగిందో, కొత్తది ఎంత దగ్గర మొదలైందో, ఏ తేదీన వేశారో బిల్లు మీద రాయించుకుని ఆర్‌సీతో పాటు దాచండి. సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు అదే కాగితం, సర్వీసు రికార్డు అడగండి. మీటరు కొత్తగా మెరుస్తూ, చేతిలో కాగితం లేకుండా అమ్మే మనిషి ఎదురైతే బేరమాడకండి, లేచి వచ్చేయండి.