చందా మానేయకండి

ఇంగ్లండులో మా డెర్బీ ప్రాంతంలో వాగులనీ వాటిలో చేపలనీ కాపాడే చారిటీ ఒకటుంది. పేరు చెప్పను, గొడవ ఇంకా తేలలేదు. గాలం వేసేవాళ్లు పెట్టుకున్న సంస్థ, వాళ్ల చందాలతోనే నడుస్తున్న సంస్థ. మొన్న వసంతంలో ఒకే వారంలో సభ్యులందరికీ రెండు ఉత్తరాలొచ్చాయి. డైరెక్టర్‌ను విధుల నుంచి తప్పించామని అధ్యక్షుడు రాశాడు. అధ్యక్షుడు ఎవరినీ సంప్రదించకుండా నిర్ణయాలు తీసుకుంటున్నాడని, అందుకే తప్పుకుంటున్నామని ముగ్గురు ట్రస్టీలు రాశారు. రెండు పక్షాలూ నది మేలు కోసమే అన్నాయి. రెండు పక్షాలూ తమనే నమ్మమన్నాయి.

ఇందులో ఎవరూ పైసా తినలేదు. తగువంతా బయటి నుంచి రాబోయే డబ్బు గురించి. పాత ఆనకట్ట ఒకటి చేపల్ని ఎగువకు పోనివ్వడం లేదు. దాని పక్కన చేపలు ఎక్కి వెళ్లే దారి కట్టడానికి ఒక నీటి కంపెనీ డబ్బిస్తానంది. ఇంగ్లండులో 1989 నుంచి మంచినీళ్లు, మురుగునీళ్లు రెండూ ప్రైవేటు కంపెనీల చేతుల్లో ఉన్నాయి. వానలు గట్టిగా పడితే శుద్ధి చేయని మురుగును నదుల్లోకి వదిలేదీ ఆ కంపెనీలే. డబ్బు తీసుకుని పని చేద్దామన్నాడు డైరెక్టర్. తీసుకుంటే రేపు మురుగు వదిలినప్పుడు నోరెత్తలేమన్నాడు అధ్యక్షుడు. నా మట్టుకు నాకు ఇద్దరి మాటలోనూ నిజముంది. తీసుకోవచ్చు, కానీ మా పరీక్షల ఫలితాలు ఎప్పుడైనా ఎక్కడైనా బయటపెట్టే హక్కు మాదేనని ఒప్పందంలో రాయించుకున్నాకే తీసుకోవాలి. ఆ ఒక్క వాక్యం గురించి కూర్చుని మాట్లాడుకుని ఉంటే వ్యవహారం ఉత్తరాల దాకా వచ్చేది కాదు.

నన్ను కలవరపెట్టింది ఆ తర్వాత జరిగింది. సభ్యులు ఒక్కొక్కరే బ్యాంకుకు చెప్పి చందా ఆపేస్తున్నారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. ఏళ్ల తరబడి శనివారాలు చలినీళ్లలో దిగి చెత్త ఏరినవాళ్లు. వాళ్లలో రైల్వే కార్ఖానాలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఈ వాగులో చేప ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు కదులుతుందో నాకు నేర్పింది ఆయనే. "వాళ్లు తేల్చుకున్నాక చూద్దాం" అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు. కానీ ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ వారం రాస్తున్నాను.

ఈ సంస్థలో సభ్యుడు చేసే పని ఏమిటో ముందు చెప్పాలి. రివర్‌ఫ్లై పరీక్ష అంటారు దీన్ని. నెలకోసారి, వాగులో అదే చోట చేయాలి. నడుము దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని దిగుతాం. చేతి వలను దిగువ వైపు నేలకు ఆనించి, దానికి ఎగువన మడమతో గులకరాళ్లు కెలుకుతాం. ఇది సరిగ్గా 3 నిమిషాలు. నడి వాగులోనూ, ఒడ్డు వారనా, నాచు దగ్గరా, అన్ని చోట్లా కెలకాలి. ఆపైన ఒక నిమిషం రాళ్లను చేత్తో తిప్పి చూడాలి. వలలో పడిందంతా తెల్లటి ట్రేలో నీళ్లు పోసి ఒంపుతాం. మొదట బురద తప్ప ఏమీ కనబడదు. కాస్త తేరుకోగానే ట్రే అంతా కదలడం మొదలవుతుంది. ఇసుక రేణువులు, పుల్లముక్కలు అంటించుకుని గొట్టంలాంటి గూడు కట్టుకున్న కాడిస్ పురుగు తల బయటపెట్టి పాకుతుంది. రాయిని కరుచుకుని బతికే చదునైన మేఫ్లై పిల్ల, ట్రే అడుగును కూడా అలాగే కరుచుకుంటుంది. మంచినీటి రొయ్య పక్కకు వాలి ఈదుతుంది. చూడాల్సినవి మొత్తం 8 జాతుల గుంపులు. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉంటే ఒక అంకె, పది నుంచి తొంభై తొమ్మిది దాకా ఉంటే ఇంకో అంకె, అలా వేసి కూడుతాం. ఆ చోటికి ముందే నిర్ణయించిన హద్దు కంటే మొత్తం తగ్గిందా, వెంటనే పర్యావరణ సంస్థకు కబురు చేయాలి. ట్రౌట్, గ్రేలింగ్ చేపలు తినేది ఈ పురుగుల్నే. గాలానికి కట్టే ఈకల ఎర కూడా వీటి రూపమే. అందుకే ఈ పని గాలం వేసేవాళ్లకు చప్పున పట్టుబడింది.

దీని విలువ 2013 జూలైలో దేశమంతటికీ తెలిసింది. దక్షిణాన కెనెట్ అనే నది ఉంది. ట్రౌట్‌కు పేరున్న ఏరు. మార్ల్‌బరో ఊరి దిగువన స్వచ్ఛంద కార్యకర్తలు ఎప్పట్లాగే వల దించితే పురుగుల్లేవు. సుమారు 15 కిలోమీటర్ల మేర చచ్చిపోయాయి. కారణం క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు. గుంటూరు మిర్చి రైతుకూ, వరంగల్ పత్తి రైతుకూ ఈ పేరు నేను పరిచయం చేయక్కర్లేదు. మురుగునీటి శుద్ధి కేంద్రం గుండా ఏటిలో కలిసింది ఆ మందు. నీళ్లు చూస్తే తేటగానే ఉన్నాయి. చేపలు తేలలేదు. వల దించినవాళ్లు లేకపోతే ఆ సంగతి బయటపడటానికి ఎంత కాలం పట్టేదో. ఆ నెల అక్కడి సంస్థలో నాయకుల గొడవ నడుస్తూ, "తేల్చుకున్నాక చూద్దాం" అని కార్యకర్తలు ఇంట్లో కూర్చుని ఉంటే?

మా వాగుకు ఈ మేలో నమూనా తీయలేదు. తీయాల్సిన జట్టులో సగంమంది అధ్యక్షుడి వైపు, సగంమంది డైరెక్టర్ వైపు. వల ఎవరి గ్యారేజీలో ఉందో అడగడానికి కూడా ఒకరికొకరు ఫోన్ చేసుకోలేదు. మే లెక్క ఇప్పుడు వెనక్కి వెళ్లి తీయలేం. మేఫ్లై పిల్లలు నీటిని వదిలి రెక్కలతో లేచే కాలం అది. ఏడాది మొత్తంలో పోగొట్టుకోకూడని నెల ఏదంటే అదే. విదేశాల్లో మన తెలుగు సంఘం చీలితే నేను చూసినంతలో ముందు ఆగిపోయేది పిల్లల ఆదివారం బడి. ఇక్కడా అంతే, తగువుతో సంబంధం లేని పనే ముందు ఆగింది.

సభ్యుడి నమ్మకం అన్నది ఈ డెర్బీకి చాలా పాత విషయం. 1948లో జాన్ ఈస్ట్‌వుడ్ అనే న్యాయవాది గాలం వేసేవాళ్ల కోసం ఒక సహకార సంఘం పెట్టాడు. ఆయన ఆలోచన తేలికైనదే. ఫ్యాక్టరీ ఏరును పాడు చేస్తే ఆ ఒడ్డున హక్కున్న చిన్న క్లబ్బు కోర్టుకు వెళ్లలేదు, ఖర్చు భరించలేదు. దేశమంతా ఉన్న క్లబ్బులు తలా కొంత వేస్తే ఏ ఒక్కటైనా ఎంత పెద్దవాడి మీదికైనా వెళ్లగలదు. దానికి పెద్ద పరీక్ష మా డెర్వెంట్ నది మీదే జరిగింది. ఊరి దిగువన స్పాండన్ దగ్గర బ్రిటిష్ సెలనీస్ ఫ్యాక్టరీ రసాయనాలు వదిలేది. డెర్బీ కార్పొరేషన్ మురుగు వదిలేది. విద్యుత్ సంస్థ వేడినీళ్లు వదిలేది. ప్రైడ్ ఆఫ్ డెర్బీ అనే గాలాల సంఘం ముగ్గురి మీదా దావా వేసింది. ఊరు పెరిగిపోయింది, మా మురుగు కేంద్రం చాలడం లేదు, ఏం చేయమంటారని కార్పొరేషన్ వాదించింది. 1952లో హైకోర్టు, ఆ తర్వాత అప్పీలు కోర్టు సంఘం వైపే నిలిచాయి. నష్టపరిహారం ఇచ్చి చేతులు దులుపుకోవడం కుదరదు, ఆపాల్సిందేనన్నాయి. సర్దుకోవడానికి గడువు మాత్రం ఇచ్చాయి. ఇంగ్లండులో న్యాయశాస్త్రం చదివేవాళ్లకు ఈ కేసు ఇప్పటికీ పాఠం.

ఆ దావా వెనకున్నది ఏనాడూ డెర్బీ ముఖం చూడనివాళ్ల చందా. ఎక్కడో కెంటులోనో కార్న్‌వాల్‌లోనో ఉన్న మనిషి తన డబ్బు తనకు తెలియని ఏటికి ఖర్చవుతుందని తెలిసే కట్టాడు. 2009లో గాలాల సంఘాలు చాలా కలిసి ఆంగ్లింగ్ ట్రస్ట్‌గా ఏర్పడినప్పుడు, కేసులు నడిపే ఈ పాత సంఘాన్ని అందులో కలిపేయలేదు. ఫిష్ లీగల్ అన్న పేరుతో వేరే సంస్థగానే ఉంచారు. నాకు చాలా నచ్చిన నిర్ణయం అది. 2023లో యార్క్‌షైర్‌లో పికరింగ్ అనే చిన్న ఊరి క్లబ్బు, కోస్టా బెక్ అనే వాగు కోసం ప్రభుత్వం మీదే హైకోర్టులో గెలిచింది. వెనకున్నది ఈ ఫిష్ లీగలే.

చందా ఆపడం నిరసన అనుకుంటున్నారు మావాళ్లు. ఆ నిరసన అధ్యక్షుడికీ తగలదు, డైరెక్టర్‌కీ తగలదు. చందా ఆపినవాడు సభ్యుడు కాకుండా పోతాడు, అంతే. ఓటు పోతుంది, ప్రశ్నించే హక్కు పోతుంది. మిగిలినవాళ్లలో ఎవరి మనుషులు ఎక్కువుంటే సంస్థ వాళ్లదవుతుంది. ఏ పక్షానికైనా ఇంతకన్నా కావలసిందేముంది?

చారిటీ కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే చూసుకుంటుందన్నారు కొందరు. ట్రస్టీల మధ్య తగవులు తీర్చడం కమిషన్ పని కాదు. డబ్బు దుర్వినియోగమో, చెల్లుబాటయ్యే ట్రస్టీలే లేకపోవడమో జరిగితే తప్ప సాధారణంగా జోక్యం చేసుకోదు. మా సంస్థ కంపెనీగా నమోదైన చారిటీ. అలాంటి చోట 2006 కంపెనీల చట్టం సభ్యులకు గట్టి ఆయుధమే ఇచ్చింది. ఓటు హక్కున్నవాళ్లలో 5 శాతం రాతపూర్వకంగా అడిగితే 21 రోజుల్లోగా సర్వసభ్య సమావేశానికి నోటీసు ఇచ్చి తీరాలి. నోటీసిచ్చిన 28 రోజుల్లోగా సమావేశం జరగాలి. మేం సంతకాలు సేకరిస్తున్నది దీనికే. ఎవరినీ దించడానికి కాదు. రెండు పక్షాలూ ఒకే గదిలో, సభ్యుల ముందు, కాగితాలు చూపిస్తూ మాట్లాడాలని.

కాగితాల విషయంలో ఒక మాట. ఫలానా పనికని ఇచ్చిన విరాళాన్ని ఆ పనికే వాడాలని ఇక్కడి చట్టం. ఖాతాల్లో అది వేరే వరుసలో కనబడుతుంది. కమిషన్ రిజిస్టర్‌లో చారిటీలు దాఖలు చేసిన వార్షిక లెక్కలు ఎవరైనా చూడవచ్చు. నేను మా సంస్థవి చదివాను. వాగుల పనికి వచ్చిన డబ్బు వాగులకే పోయింది. రెండు ఉత్తరాల్లో ఎవరూ చెప్పని ఈ సంగతి నాకు రెండు ఉత్తరాల కంటే ఎక్కువ ధైర్యమిచ్చింది.

ఇంగ్లండులో ఉన్న తెలుగువాళ్లకు ఒక విన్నపం. ఏరు కానివ్వండి, అడవి కానివ్వండి, గుడి కానివ్వండి, మీరు చందా కడుతున్న చారిటీ నిబంధనావళి ఒకసారి తెప్పించుకుని చదవండి. కొన్ని చారిటీల్లో చట్టం దృష్టిలో సభ్యులంటే ట్రస్టీలే. మిగతావాళ్లను సభ్యులని పిలిచినా ఓటుండదు. మీరు ఏ రకమో గొడవ వచ్చాక కాదు, ఇప్పుడే తెలుసుకోండి. ఓటుంటే సమావేశానికి వెళ్లండి. వెళ్లలేకపోతే మీ తరఫున ఓటేసే మనిషి పేరు రాసి ప్రాక్సీ పత్రం గడువులోగా పంపండి. ఇక మా సభ్యులతో, ముఖ్యంగా ఆ పెద్దాయనతో చెప్పేది ఒకటే: బ్యాంకుకు ఫోన్ చేసి చందా మళ్లీ మొదలుపెట్టండి. జూన్ నమూనాకు వల నా దగ్గరుంది, రెండో మనిషి కావాలి.