గ్రైండరు, మిక్సీ: రోటికి వారసులెవరు?

చెన్నైలో తెలుగువాళ్ల వంటింట్లో, అది టీ నగర్ అయినా పెరంబూరు అయినా, ఈ రెండూ గట్టు మీద పక్కపక్కనే ఉంటాయి. రెండూ రోటి పని తప్పించడానికి వచ్చినవే కదా అని ఒకే గాటన కట్టేస్తాం. అది సరికాదని నా అభిప్రాయం.

గ్రైండరును 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి తయారుచేశారు. ఆయన రాయిని వదల్లేదు. రుబ్బురోట్లో రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. గ్రైండరులో తొట్టె తిరుగుతుంది, పొత్రం చోటు మారదు. అంచులకు అంటిన పిండిని మధ్యకు తోసే ఎడమచేతి పనిని ఒక చిన్న పలక చేస్తుంది. రుబ్బే మనిషిని దగ్గర కూర్చుని చూసిన వాళ్లకే తట్టే ఆలోచన ఇది. నెమ్మదిగా తిరుగుతుంది కనుక పిండి వేడెక్కదు. మినప్పిండిలోకి గాలి చేరి నురగలా పొంగుతుంది. ఇడ్లీ మెత్తదనమంతా అక్కడే ఉంది.

మిక్సీ కథ వేరు. ఇంట్లో భార్య వాడే జర్మన్ మిక్సరు మన వంటల ధాటికి తట్టుకోలేకపోవడంతో ఎస్.పి. మాథుర్ 1963లో బొంబాయిలో 'సుమీత్' తెచ్చారు. 1978లో చెన్నైలో 'ప్రీతి' మొదలైంది. పసుపు కొమ్మైనా, ఎండుమిర్చైనా, ధనియాలైనా దీని ముందు నిలవవు. పొడుల విషయంలో గ్రైండరు దీనికి సాటి రాదు. కానీ ఇది నూరదు, దంచదు. బ్లేడుతో నరుకుతుంది. వేల చుట్లు తిరిగే బ్లేడు మినప్పిండిని వేడెక్కిస్తుంది. అందుకే ఐసు నీళ్లు పోసి తిప్పుకుంటారు.

అసలు పరీక్ష దోసకాయ పచ్చడి దగ్గర వస్తుంది. మిర్చి, చింతపండు, ఉప్పు నూరాక, ముక్కలు వేసి పచ్చడి బండతో రెండు దెబ్బలు వెయ్యాలి. రసం ఊరాలి, ముక్క మిగలాలి. ఆపి ఆపి తిప్పినా మిక్సీలో అడుగున ముద్దవుతుంది, పైన ముక్కలు అలాగే ఉంటాయి. గ్రైండరులో వేద్దామంటే గుప్పెడు పచ్చడి రాయికి అందదు. సన్నికల్లు లాంటి అమ్మికల్లు మీద నూరే తమిళుల తొగయల్ పచ్చడిదీ ఇదే గతి. ఇడ్లీ పిండికి వారసుడు దొరికాడు, పచ్చడికి దొరకలేదు.

అలాగని రోటి రోజులు మళ్లీ రావాలని కోరను. ఇంటిల్లిపాదికీ పప్పు రుబ్బిన కోడళ్ల భుజాలకే తెలుసు ఆ రుచి ఖరీదు. 2011లో జయలలిత ప్రభుత్వం రేషన్ కార్డు కుటుంబాల మహిళలకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఉచితాల వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. మేనిఫెస్టో హామీలు చట్టప్రకారం అవినీతి చర్య కావని 2013 జులైలో తీర్పిస్తూ, మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘానికి చెప్పింది. ఖజానా మీద భారం గురించి అడగవలసిందే. అయితే ఆ మూడింటిలో రెండు, ఆడవాళ్ల చేతుల మీద తరతరాలుగా ఉన్న బరువును దించేవి. వాటిని ఓటుకు ఎరగా మాత్రమే చూడటం నాకు అన్యాయంగా తోస్తుంది.

మిక్సీలు చేసేవాళ్లను ఒకటి అడగాలనుంది. కోయంబత్తూరు మనిషి రుబ్బే చేతిని గమనించినట్టు, పచ్చడి నూరే చేతిని కూడా ఒకసారి గమనించండి. బ్లేడు తీసేసి, చిన్న రాతి గిన్నెలో బండ పైకీ కిందకీ ఆడేలా చెయ్యండి. గుప్పెడు పచ్చడికి సరిపడేంత చాలు.