రోలు మాత్రం అక్కడే ఉంది

“మీ కర్నూలోళ్లకు ఓడలేందమ్మా?” అని ఒక సదస్సులో సాటి పరిశోధకురాలు నవ్వుతూ అడిగింది. సముద్రంలో మునిగిన పాతకాలపు ఓడల గురించి రెండేళ్లుగా చదువుతున్నానని ఆమెతో అన్నాను మరి. నాకూ నవ్వొచ్చింది. వానకు మొగం వాచిన సీమ మాది. అయితే మా కర్నూలు–కడప కాలువను తొలుత పడవలు నడవడానికి కూడా తవ్వారు. 1863లో ఒక ఇంగ్లీషు కంపెనీ మొదలుపెట్టింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. 1933 దాకా అందులో పడవలు తిరిగాయి. కానీ నేను మునిగిన ఓడల దాకా పోయింది ఆ కాలువ వెంబడి కాదు, మా జేజి రోలు వెంబడి.

స్త్రీవాద సాహిత్యం చదివిన వాళ్లలో అడ్రియన్ రిచ్ ‘డైవింగ్ ఇంటు ద రెక్’ తెలియని వాళ్లు తక్కువ. 1973లో అదే పేరుతో సంపుటి వచ్చింది. మరుసటి ఏడు దానికి నేషనల్ బుక్ అవార్డు ఇస్తే రిచ్ ఒంటరిగా తీసుకోలేదు. ఆడ్రీ లార్డ్, ఆలిస్ వాకర్‌లతో కలిసి స్త్రీలందరి తరఫున తీసుకుంది. ఆ కవితలో ఒక మనిషి కెమెరా, కత్తి పట్టుకుని, నిచ్చెన దిగి, మునిగిన ఓడను చూడడానికి ఒంటరిగా నీళ్లలోకి పోతుంది. ఓడ గురించి చెప్పుకునే కథ ఆమెకు అక్కర్లేదు, ఓడే కావాలి. నా పిహెచ్‌.డి. రోజుల్లో ఆ కవితను ఎన్నిసార్లు వాడుకున్నానో! ఓడ అంటే పితృస్వామ్య చరిత్ర, దిగడం అంటే ఆత్మాన్వేషణ అని రాసేసి ఊరుకునేదాన్ని. ఆ ఓడలో నిజంగా ఎవరున్నారని ఒక్కసారీ అడగలేదు.

పోయినేడు ఎండాకాలం జేజి నన్ను తన ఊరికి తీసుకుపోయింది. ఊరంటే ఇప్పుడు ఊరు కాదు. 1981లో శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. దాదాపు లక్షమంది నిర్వాసితులయ్యారు. ఆ ఊళ్లలో అదొకటి. నీళ్లు తగ్గిన కాలంలో నెర్రెలిచ్చిన ఒండ్రు మీద నడిచి పోవచ్చు. నిచ్చెన అక్కర్లేదు. జేజి చెప్పులు విప్పి చేతబట్టుకుని ముందు నడిచింది. నాకు బురద, రాళ్లు కనబడుతున్నాయి. ఆమెకు ఇల్లు కనబడుతోంది.

“ఈడ నడిమిల్లు. ఆడ జొన్నల గాదె. కాలు పెట్టద్దు పాపా, అది పొయ్యి” అంది.

నేను కాలు వెనక్కి తీసుకున్నాను. మట్టి మిద్దె ఎప్పుడో కరిగిపోయింది. దూలాలు, వాకిళ్లు విప్పుకుని బండ్ల మీద వేసుకుపోయారట. నేలలో పాతిన రోలును మాత్రం పెకలించలేకపోయారు. సగం ఒండ్రులో కూరుకుపోయి అది అక్కడే ఉంది.

ఇంటికొచ్చాక ఓడల పుస్తకాలు వేరే కంటితో చదవడం మొదలుపెట్టాను. మునిగిన ఓడ దగ్గరికి పోయిన పురాతత్వవేత్తలు వస్తువును కనబడగానే పైకి తియ్యరు. ఏది దేని పక్కన, ఎంత లోతున ఉందో ముందు కొలిచి గీసుకుంటారు. దువ్వెన ఎవరి పెట్టెలో దొరికిందన్నది దువ్వెనంత ముఖ్యం. స్వీడన్ యుద్ధనౌక వాసా 1628లో తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో మునిగిపోయింది. 1961లో పైకి తీశారు. అందులో దొరికిన అస్థిపంజరాల్లో ఒకదానికి గుర్తుగా ‘జి’ అనే అక్షరం పెట్టి, మగవాడే అనుకుని గుస్తావ్ అని పిలుచుకున్నారు. 2023లో జన్యు పరీక్షల ఫలితం బయటికొచ్చింది. అది ఒక స్త్రీది. మగవాళ్ల యుద్ధనౌక కాబట్టి అందులోని ఎముకలూ మగవే అనుకోవడం సులువు. అలాంటి అనుకోళ్లే మన సాహిత్య చరిత్రలో ఎన్ని లేవు?

మన కావ్యాల్లోనూ ఓడలున్నాయి. కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో రాజనీతి చెబుతూ, గుర్రాలు, ఏనుగులు, మణులు, చందనం, ముత్యాలు దిగేలా రేవుల్ని బాగుచేసుకోవాలంటాడు. తుపానుకో రోగానికో చిక్కి ఒడ్డుకు చేరిన పరదేశపు నావికుల్ని వాళ్ల వాళ్ల జాతికి తగినట్టు చూసుకోవాలంటాడు. అంతకు ముందే, 1244–45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి శాసనంలో, గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజుల్లా లాక్కోనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని అభయమిచ్చాడు. రెండూ గొప్ప మాటలే. కానీ రెండింటిలోనూ ఆపదకు లెక్క సరుకుతోనూ, దాన్ని తెచ్చిన మగవాళ్లతోనూ సరిపోతుంది. రేవు మీద మూటలు మోసినవాళ్లు, రాని ఓడ కోసం ఎదురుచూసిన ఇంటివాళ్లు ఆ లెక్కలోకి రారు. గోవా దగ్గర సుంచి రీఫ్ వద్ద 17వ శతాబ్దపు తొలినాళ్ల పోర్చుగీసు ఓడ శిథిలాలున్నాయి. అందులో ఫిరంగులు, ఏనుగు దంతాలతో పాటు పగిలిన మట్టిపాత్రలూ దొరికాయి. రాజు కోరుకున్నవి పద్యం చెబుతుంది. ఓడలో ఉన్నవన్నీ శిథిలం చెబుతుంది. విమర్శకురాలికి రెండూ కావాలి.

శ్రీశైలం ముంపులో పురాతత్వం రాకపోలేదు. వచ్చింది, గుళ్ల కోసం. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఆ పని వల్లే చాళుక్యుల శిల్పం మనకు మిగిలింది. దాన్ని తక్కువ చెయ్యను. కానీ రాయి రాయికీ అంకె వేసిన చోటనే పొయ్యికీ, రోలుకూ, గాదెకూ అంకె లేదు. 2001లో యునెస్కో చేసిన ఒడంబడిక ప్రకారం నీటి అడుగు వారసత్వం అనిపించుకోవాలంటే కనీసం నూరేళ్లు నీళ్లలో ఉండాలి. ఎప్పుడూ మునిగే ఉండనక్కర్లేదు, అప్పుడప్పుడూ మునిగినా సరే. ఆ లెక్కన మా జేజి వంటిల్లు 2081లో వారసత్వం అవుతుంది. అది ఎవరి వంటిల్లో చెప్పేవాళ్లు అప్పటికి ఉండరు.

ఇక నా తప్పు. వాసాను పైకి తీశాక దాని కొయ్యను ఆరనిస్తే చీలిపోతుందని పదిహేడేళ్లు దాని మీద ఒక మందు పిచికారీ చేశారు. మూడు శతాబ్దాలు నీళ్లలో నిలిచిన కొయ్యకు అసలు ప్రమాదం బయటికి తీసినప్పుడే. నాలుగేళ్ల కింద నేను ముంపు సాహిత్యం మీద వ్యాసం రాస్తూ జేజి మాటల్ని వాడుకున్నాను. “మా పొయ్యి” అన్నదాన్ని “గృహస్థలం” చేశాను. ఆమె పేరు తీసేసి “ఒక నిర్వాసిత మహిళ” అన్నాను. వ్యాసానికి మంచి పేరొచ్చింది. జేజికి చదివి వినిపిస్తే చివరిదాకా విని, “ఇది ఎవురి కత పాపా?” అని అడిగింది. ఆ మాటలు నా చేతిలో ఆరి చీలిపోయాయి.

రిచ్ కవితను ఇప్పటికీ ప్రేమిస్తాను. కథ కాదు, ఓడే కావాలన్న ఆ పట్టుదల స్త్రీవాద విమర్శకు పునాది. కానీ ఆ ఒంటరి దిగుబాటు మాకు సరిపోదు. మా ఓడలో బతికినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఏ అడుగు ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ వెయ్యకూడదో వాళ్లకు తెలుసు. పరిహారం జాబితాలో మా తాత పేరుంది. ఇంటి పటం మాత్రం జేజి తలలో ఉంది.

అందుకే ఈ ఏడు ఎండాకాలం మళ్లీ పోతున్నాం. ఈసారి కొలత టేపు, గళ్ల కాగితం తీసుకుపోతున్నాను. జేజి చెబుతుంది, నేను గీస్తాను. పొయ్యికి ‘పొయ్యి’ అనే రాస్తాను. రోలు కాడ ఆమె పేరు రాస్తాను.