పడుగు కొసకి సన్నబడుతుందా?

చీరాల పక్కన ఒక నేత ఊళ్లో, చాలా ఏళ్ల కిందట, కొత్త కెమెరాతో వీధి పడుగు ఫొటో తీశాను. తెల్లవారింది కానీ ఎండ ఇంకా ఎక్కలేదు. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలు పోగులు నడుమెత్తున బిగించి ఉన్నాయి. వాటి కింద అక్కడక్కడ కత్తెరలా కట్టిన వెదురు కర్రలు. ఇద్దరు మనుషులు చెరో పక్కనా నడుస్తూ, గంజి తాగిన పోగుల మీద పెద్ద కుంచె లాగుతున్నారు. ఎండ ముదిరితే గంజి గబగబా ఆరిపోయి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. అందుకే ఆ పని పొద్దున్నే తెమలాలి.

అప్పట్లో నా తల నిండా ‘లీడింగ్ లైన్స్’. రోడ్డు, రైలు పట్టాలు, పొలం గట్టు, ఏదైనా సరే చూపును ఫ్రేములోకి లాక్కెళ్లే గీతలంటే పిచ్చి. ఇక్కడ ఒకటీ రెండూ కాదు, వేల గీతలు. వీధి నడిమధ్య నిలబడి, పోగులన్నీ దూరంగా ఒక్క బిందువులో కలిసేటట్టు తీసి, మురిసిపోయి, కుంచె పట్టిన పెద్దాయనకు కెమెరా వెనక తెర మీద చూపించాను.

ఆయన కళ్లు చికిలించి చూసి, “ఇదేంటి బాబూ, పడుగు కొసకి సన్నబడిపోయింది? మేం అట్టా చెయ్యలేదే!” అన్నాడు.

దూరం వల్ల అలా కనిపిస్తుందని ఏదో సర్దిచెప్పాను. ఆయన తలూపాడు గానీ మొహంలో నచ్చినట్టు లేదు. నచ్చకపోవడానికి కారణం నాకు చాలా రోజులకు అర్థమైంది. ఆయన పనంతా ఆ పోగులు ఎక్కడా దగ్గరవకుండా చూడటమే. ఈ కొసన ఎంత వెడల్పో ఆ కొసనా అంతే ఉండాలి. ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు ఉంటే మగ్గం మీద గుడ్డ చెడిపోతుంది. జీవితమంతా గీతల్ని సమానంగా ఉంచడానికి పాటుపడిన మనిషికి, అవన్నీ ఒకచోట ముద్దయిపోయిన బొమ్మ చూపించి బాగుందా అని అడిగాను.

ఆయన ప్రశ్నకు అసలైన జవాబు ఏమిటంటే: పడుగు సన్నబడలేదు తాతా, నేను నిలబడ్డ చోటు అలాంటిది.

ఫొటోలో గీతల గురించి నాకు తెలిసిందంతా ఈ జవాబు చుట్టూనే తిరుగుతుంది. పోగులు కలుసుకోవడమనేది నూలులో లేదు, వీధిలో లేదు. నా కన్ను ఉన్న చోటు నుంచి పుట్టింది. రెండడుగులు పక్కకి జరిగితే పోగులన్నీ ఒక వైపు వాలతాయి. గొంతుకూర్చుంటే, అప్పటిదాకా దుప్పటిలా పరుచుకుని ఉన్న పడుగు పలచని పట్టీ అయిపోతుంది, దగ్గరి పోగులు మాత్రం విసనకర్రలా విచ్చుకుంటాయి. ఇంకా కిందికి దిగి, పడుగు కిందకి తల దూరిస్తే పోగులు ఆకాశానికి గీసిన గీతలవుతాయి. వీధి అదే, నూలు అదే, నిమిషం కూడా అదే.

లెన్స్ మారిస్తే గీతల వాలు మారుతుందని చాలామంది నమ్మకం. నిలబడ్డ చోటు మారకపోతే వాలు మారదు. ఎంత మేర చూపించాలో, ఎంత కోసెయ్యాలో మాత్రమే లెన్స్ చేతిలో ఉంటుంది. వెడల్పు లెన్సుతో దగ్గరికి వెళ్తాం కాబట్టి గీతలు ఏటవాలుగా పరుగెడతాయి. పొడుగు లెన్సుతో దూరంగా ఉండిపోతాం కాబట్టి ముందూ వెనకా వస్తువులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. మార్పు తెచ్చింది కాళ్లు. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు ఏ లెన్స్ కొనమంటారని నన్ను అడిగినప్పుడల్లా, ముందు మోకాళ్లు వంచడం అలవాటు చేసుకోమనే చెబుతాను.

మోకాళ్లంటే గుంట మగ్గం గుర్తొస్తుంది. నేసే మనిషి కాళ్లు గుంటలో ఉంటాయి, నేల మట్టానికి కూర్చుని ఉంటాడు. ఇంటికొచ్చిన ఫొటోగ్రాఫరు గడప దగ్గర నిలబడి తీస్తే వచ్చేది నడినెత్తి, వంగిన వీపు, ఒక గుడ్డ ముక్క. మగ్గానికి అవతలి కొసన నేల మీద కూర్చోండి. పడుగు పోగులన్నీ మీ ముందు నుంచి బయల్దేరి అచ్చు దాటి, ఆయన చేతుల దగ్గరికి, చేతుల మీదుగా ముఖం దాకా పోతాయి. ఇందులో పుస్తకంలో చెప్పే సూత్రం ఉంది, నిజమే. కానీ అక్కడ కూర్చున్నాక మరొకటి కూడా జరుగుతుంది. మీ కన్నూ ఆయన కన్నూ ఒకే ఎత్తున ఉంటాయి. ఆయన తలెత్తితే మీ వైపే చూస్తాడు.

ఇక అడ్డగీత. రాజమండ్రి రేవులో సాయంత్రం పూట గోదావరి మీది ఆర్చ్ వంతెన వైపు ఫోను ఎత్తనివాళ్లు అరుదు. 1997లో పూర్తయింది. 28 విల్లులు, ఒక్కొక్కటీ 97 మీటర్ల పైచిలుకు. ఒకే వంపు మళ్లీ మళ్లీ రావడంలో ఉండే లయ ఏమిటో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. అయితే ఆ ఫొటోల్లో సగం వాటిల్లో నది ఒక పక్కకి ఒలికిపోతుంటుంది. కారణం చెయ్యి వణకడం అనుకుంటాం గానీ, నేను గమనించింది వేరు. మనం వంతెనకు ఓరగా నిలబడతాం. కంటికంటే ఎత్తున ఉన్న వంతెన, దూరం పోయేకొద్దీ కిందికి దిగుతున్నట్టు కనబడుతుంది. కంటికంటే కింద ఉన్న గట్టు, దూరం పోయేకొద్దీ పైకెక్కుతున్నట్టు ఉంటుంది. ఇదేదో వంకరగా ఉందే అని ఫోను తిప్పి వంతెనను సరిచేస్తాం. దాంతో నీళ్లు వాలిపోతాయి. ఓరగా చూసినప్పుడు వంతెనను కొలతగా తీసుకోకూడదు, దాన్ని మోస్తున్న స్తంభాలను తీసుకోవాలి. ఫ్రేము మధ్యకు దగ్గరగా ఉన్న ఒక స్తంభం నిట్టనిలువుగా ఉందా చూసుకుంటే గోదావరి తనంతట తానే సర్దుకుంటుంది. వాలిన నీళ్లను నేను ఎంత మంచి వెలుగులోనూ చూడలేను. ఒంట్లో నలతగా ఉన్నట్టుంటుంది.

స్తంభాలు ఎప్పుడూ నిలబడే ఉంటాయా అంటే, ఫోనును పైకెత్తనంత సేపే. చార్మినార్ దగ్గర ఈ సంగతి తెలుస్తుంది. 1591 నాటి కట్టడం, సుమారు 56 మీటర్ల ఎత్తు. దగ్గర నిలబడి ఫోను పైకి వంచితే నాలుగు మినార్లూ లోపలికి ఒరిగి వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. గుల్జార్ హౌజ్ వైపు వెనక్కి నడిచి, ఫోనును గోడకు వేలాడేసిన అద్దంలా నిటారుగా పట్టుకోండి, మినార్లు లేచి నిలబడతాయి. అప్పుడు ఫ్రేములో కింది సగం నేలే కనిపిస్తుంది. అది దండగ అనిపించి చాలామంది మళ్లీ ఫోను ఎత్తేస్తారు. నాకు ఆ కింది సగమే ఇష్టం. పళ్ల బండ్లు, గాజుల సంచులు, పిల్లను భుజానెక్కించుకున్న తండ్రి. చార్మినార్ కింద నడిచిన జనం లేకుండా చార్మినార్ ఎందుకు?

హైదరాబాదులో గీతల గురించి మాట్లాడుతూ రాజా దీన్‌దయాళ్‌ను తలుచుకోకుండా ఉండలేను. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు, 1905లో కన్నుమూశాడు. ఆయన మొదట చదివింది రూర్కీలో ఇంజినీరింగు. ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగం చేశాడు. ఆయన తీసిన మహళ్ల ఫొటోల్లో స్తంభాలూ మెట్లూ చూసినప్పుడు, పెన్సిలుతో కొన్నేళ్లు గీతలు గీసిన చెయ్యి అది అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఆనాటి పెద్ద చెక్క కెమెరాల్లో ఇంకో సంగతి. నల్లగుడ్డ కప్పుకుని వెనక గరుకు గాజు పలకలోకి చూస్తే దృశ్యం తలకిందులుగా కనిపిస్తుంది. తలకిందులైనప్పుడు రాజభవనం రాజభవనంలా ఉండదు, మనిషి మనిషిలా ఉండడు. నలుపూ తెలుపూ మచ్చలు, వాటి మధ్య గీతలు, అంతే. ఆ ఇబ్బందిని ఒక వరం అనుకుంటాను. ఇప్పటికీ నా ఫొటో ఒకటి ఎందుకు కుదరలేదో అంతుపట్టకపోతే తలకిందులు చేసి చూస్తాను. పై మూలన ఒక అనవసరపు తీగ చూపును బయటికి ఈడ్చుకుపోతోందని అప్పుడు తెలుస్తుంది.

మన వీధుల్లో తీగలకు కొదవ లేదు. పెళ్లికూతురి తల మీద కరెంటు స్తంభం మొలిచిన ఫొటో ప్రతి ఇంటి ఆల్బమ్‌లోనూ ఒకటి ఉంటుంది. తీసేవాడు అమ్మాయి ముఖం చూశాడు, వెనకాల ఉన్న నిలువు గీతను చూడలేదు. కెమెరాకు రెండూ ఒకటే. తెలుగువాళ్లం ‘గీత’ అన్న మాట అనగానే బాపును తలుచుకుంటాం. ఆయన బొమ్మల్లో నన్ను ఆపేసేది, గీసిన గీతల కంటే గీయకుండా వదిలేసిన చోటు. గీసేవాడికి వదిలెయ్యడం చేతిలో పని. ఫొటో తీసేవాడు ఆ క్షణంలో తీగను చెరపలేడు, తానే కదలాలి. ఒక్క అడుగు ఎడమకు వేస్తే స్తంభం తల మీది నుంచి దిగి పక్కన నిలబడుతుంది.

ఫోనులో వచ్చే తొమ్మిది గళ్ల గ్రిడ్ గురించి ఎక్కువ చెప్పను. ఫ్రేమును మూడు భాగాలు చేసే ఆ సూత్రం ఫొటోగ్రఫీ కంటే పాతది. జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1797లో పల్లె దృశ్యాల మీద రాసిన పుస్తకంలో దానికి ‘మూడు భాగాల సూత్రం’ అన్న పేరు పెట్టాడు. అన్నీ నట్టనడుమ పెట్టే అలవాటును మాన్పించడానికి పనికొస్తుంది. నేను మాత్రం గ్రిడ్‌ను నీళ్లు వాలకుండా, స్తంభాలు ఒరగకుండా చూసుకోవడానికే వాడతాను. ముఖం ఏ గడిలో పడాలన్నది ఆ ముఖం ఎటు చూస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది.

గీత ఎంత చెప్పగలదో తెలియాలంటే ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1907లో తీసిన ‘ది స్టీరేజ్’ అన్న ఫొటో చూడాలి. న్యూయార్క్ నుంచి యూరప్ పోతున్న ‘కైజర్ విల్హెల్మ్ 2’ ఓడ. ఆయన మొదటి తరగతి ప్రయాణికుడు. డెక్కు చివరికి నడిచి కిందికి చూస్తే, చౌక తరగతిలో కిక్కిరిసిన జనం. ఒక పక్కకి ఒరిగిన పొగగొట్టం, ఇంకో పక్కకి ఒరిగిన నిచ్చెన మెట్లు, మధ్యలో తెల్లటి అడ్డ వంతెన, ఒకడి తలమీద గుండ్రటి గడ్డి టోపీ, ఇంకొకడి వీపు మీద అడ్డంగా దాటుకున్న తెల్లటి పట్టీలు. తన గదికి పరుగెత్తి కెమెరా తెచ్చుకున్నాడు. వాడని ప్లేటు ఒక్కటే మిగిలింది. తిరిగి వచ్చేసరికి టోపీ మనిషి కదల్లేదు, పట్టీల మనిషీ కదల్లేదు.

ఆయన ఆ రోజు చూసింది ఆకారాలనీ, వాటి అడుగున ఉన్న తన మనసునీ అని తర్వాత చెప్పుకున్నాడు. నేను ఆ ఫొటోను ఎన్నిసార్లు చూసినా నా చూపు ఆ తెల్లటి వంతెన మీదే ఆగుతుంది. పైవాళ్లను కిందివాళ్ల నుంచి విడదీసిన గీత అది. ఫొటో తీసిన మనిషి ఏ అంతస్తులో నిలబడ్డాడో కూడా ఆ వాలే చెబుతోంది. కింద నిలబడి పైకి చూసిన వలస మనిషికి అదే ఓడలో అవే గీతలు ఇంకోలా కనిపించి ఉంటాయి. ఆ ఫొటో ఎవరూ తియ్యలేదు.

మొన్న చలికాలంలో చీరాల వైపు మళ్లీ వెళ్లాను. పాత పెద్దాయన లేడు. వీధి పడుగు కూడా ఇప్పుడు రోజూ ఉండదన్నారు. రెండు రోజులు ఆగితే మూడో రోజు పొద్దున ఒక పడుగు పరిచారు. ఈసారి నడిమధ్యకు పోలేదు. వీధి పక్కన ఒక అరుగు మీద కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే పోగులు ఎక్కడా కలవవు. ఫ్రేము ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దాదాపు సమానంగా, ఒకదాని పక్కన ఒకటి సాగిపోతాయి. వాటి వెనక కుంచె పట్టుకున్న మనిషి నడుము పైభాగం మాత్రం కనిపిస్తూ ఎడమ నుంచి కుడికి నడుస్తాడు. దక్షిణ ఫ్రాన్సులోని ఇయేర్‌లో, 1932లో, మెలికలు తిరిగిన మెట్ల పైన నిలబడిన ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ ఫ్రేములోకి కింది సందులో ఒక సైకిలు దూసుకొచ్చిన ఫొటో ఉంది. నాకు కావలసింది అంత మెరుపు కూడా కాదు. నడిచే మనిషి, వెనక తెరిచి ఉన్న తలుపు చీకటి ముందుకు వస్తే చాలు.

ఆయన ఆ తలుపు దాటి రెండుసార్లు వెళ్లాడు. మొదటిసారి అడ్డంగా ఒక మేక వచ్చింది. రెండోసారి ఆయన వంగి, తెగిన పోగు ఒకటి వేళ్లతో ముడేస్తున్నాడు, ముఖం కనబడలేదు. మూడోసారి కోసం మోకాళ్లు దగ్గరికి తీసుకుని చూస్తున్నాను. ఇంటి ఇల్లాలు లోపలి నుంచి వచ్చి, “జరుగన్నా, ఎండెక్కింది, పడుగు చుట్టాల” అంది. అటు కొసన అప్పటికే చుట్టడం మొదలైంది. పోగులు ఒక్కసారి వణికి, నా ముందు నుంచి మెల్లగా కుడివైపుకు జరిగిపోయాయి.